పెద్ద మిషన్ ఎవరి దగ్గరుంది? చవక ల్యాప్‌టాప్ వెనక అరవై ఏళ్ల చరిత్ర

పోస్టు కొంచెం పెద్దది. ఓపిక చేసుకుని చదవండి, మధ్యలో ఆపినా సేవ్ చేసుకోండి.

డిగ్రీ అడ్మిషన్లు మొదలైతే చాలు, మనందరికీ ఒకటే ప్రశ్న వస్తుంది. "అన్నా, ఇరవై వేల లోపు ల్యాప్‌టాప్ ఏది తీసుకోవాలి?" ఒకరు క్రోమ్‌బుక్ తీసుకోమంటారు. ఇంకొకరు అది అసలు ల్యాప్‌టాపే కాదంటారు. ఇంకో అన్న సెకండ్‌హ్యాండ్ చాలంటాడు. అడిగిన తమ్ముడు మొదటికంటే ఎక్కువ అయోమయంలో పడతాడు. అక్కడ ఇంట్లో అమ్మానాన్న కాఫీ గింజలు, మిరియాలు అమ్మిన డబ్బు కొంగులో ముడేసుకుని కూర్చుంటారు. ఆ డబ్బు ఒక్కసారే వస్తుంది. పోతే మళ్లీ ఏడాది ఆగాలి.

నేను చదివేది బి.ఏ. హిస్టరీ. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. కంప్యూటర్ల గురించి టెక్నికల్‌గా చెప్పే అన్నలు ఇక్కడ చాలామంది ఉన్నారు. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే: ఒక వస్తువు ఎక్కడినుంచి వచ్చింది, ఎవరు ఎందుకు తయారు చేశారు, ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అని వెనక్కి వెళ్లి చూడటం. అలా వెళ్తే ఈ చవక ల్యాప్‌టాప్ కథలో మనలాంటి వాళ్లు, అంటే ఆదివాసీలు, ఊహించని చోట ఒకసారి కనబడతారు. అది కూడా చెప్తాను.

ముందు ఈ "క్లౌడ్" అంటే ఏంటి?

వంజంగి కొండ మీద మబ్బులు చూడ్డానికి తెల్లారుజామునే టూరిస్టులు వస్తారు కదా, ఈ మబ్బు అది కాదు. ఎక్కడో నేల మీదే ఉన్న పెద్ద గోడౌన్ లాంటి బిల్డింగు, దాన్నిండా కంప్యూటర్లు. మనం రాసిన అసైన్‌మెంట్, దించిన ఫోటో అక్కడ దాస్తారు. మన చేతిలో ఉండేది ఒక కిటికీ లాంటిది. కిటికీలోంచి చూసి పని చేసుకుంటాం. అసలు బరువంతా అక్కడి మిషన్ మోస్తుంది కాబట్టి మన చేతిలో ఉన్నది చిన్నదైనా, తక్కువ ధరదైనా నడుస్తుంది. క్లౌడ్ ల్యాప్‌టాప్ వెనక ఉన్న ఆలోచన ఇదే. ఇందులో లాభమూ ఉంది, మెలికా ఉంది. రెండూ 1964లోనే మొదలయ్యాయి.

1964: ఒక మిషన్, చాలామంది పిల్లలు

ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే ఒక గదంత ఉండేది. దాని ధర లక్షల డాలర్లు. విద్యార్థి దాన్ని ముట్టుకోవడానికి లేదు. తన ప్రోగ్రామును అట్టముక్కల మీద చిల్లులు పొడిచి ఇవ్వాలి, ఆపరేటర్ దాన్ని వరసలో పెడతాడు, జవాబు గంటల తర్వాతో, మర్నాడో వస్తుంది. ఒక చిన్న తప్పుంటే మళ్లీ మొదటికి.

అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో డార్ట్‌మత్ కాలేజీ ఉంది. అక్కడ లెక్కల మాస్టార్లు ఇద్దరు, జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్. వాళ్లకి ఒక ఆలోచన వచ్చింది. మనిషి ఒక లైను టైపు చేసి ఆలోచించుకునేలోపు కంప్యూటర్ ఖాళీగా కూర్చుంటుంది. ఆ ఖాళీ క్షణాల్లో ఇంకొకరి పని చేయిస్తే? అప్పుడు ఒకే మిషన్‌ను ఎంతోమంది ఒకేసారి వాడుకోవచ్చు, ప్రతి ఒక్కరికీ తనకే సొంతం అన్నట్టు ఉంటుంది. దీన్నే టైమ్ షేరింగ్ అన్నారు. 1964 మే 1, తెల్లవారుజాము నాలుగు గంటల వేళ అది పని చేసింది. దాంతోపాటు కొత్తవాళ్లు కూడా తేలిగ్గా నేర్చుకునేలా బేసిక్ అనే భాషను తయారు చేశారు. ఆ సిస్టమ్ రాయడంలో చాలా పని చేసింది అక్కడి డిగ్రీ విద్యార్థులే.

విద్యార్థులు ఎవరైనా వచ్చి టెలిటైప్ ముందు కూర్చుని వాడుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. లైబ్రరీలో అల్మారాలు తెరిచి ఉంచితే పిల్లలు వాళ్లంతట వాళ్లే పుస్తకం తీసుకుంటారు కదా, కంప్యూటర్ కూడా అలాగే ఉండాలి అన్నది వాళ్ల వాదన. తర్వాత టెలిఫోన్ తీగల ద్వారా వేరే కాలేజీలు, హైస్కూళ్లు కూడా ఆ మిషన్‌కి కలిశాయి. మన చేతిలో చిన్న పరికరం, దూరంగా పెద్ద మిషన్, మధ్యలో ఒక తీగ. క్లౌడ్ అనే మాట అప్పటికి లేదు గానీ పద్ధతి మాత్రం ఇదే.

ఆ కాలేజీ ఎవరి పేరు మీద కట్టారు?

ఇక్కడే మనం ఆగాలి. డార్ట్‌మత్ కాలేజీ పుట్టుక చదివితే నాకు మన గురించి చదివినట్టే అనిపించింది.

సామ్సన్ ఆకమ్ అని ఒకాయన. మొహీగన్ అనే ఆదివాసీ తెగ మనిషి, 1723లో పుట్టాడు. ఎలియజర్ వీలాక్ అనే పాదిరీ దగ్గర చదువుకుని తనూ పాదిరీ అయ్యాడు. ఆదివాసీ పిల్లలకి బడి పెడతాం, దానికి చందాలు కావాలి అని వీలాక్ ఆయన్ని ఇంగ్లండు పంపించాడు. 1766 నుంచి 1768 వరకు ఆకమ్ అక్కడ ఊరూరా తిరిగి ప్రసంగాలు చేశాడు. సుమారు 12,000 పౌండ్లు పోగయ్యాయి. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం.

ఆ డబ్బుతో 1769లో డార్ట్‌మత్ కాలేజీ వచ్చింది. దాని చార్టర్‌లో మొదట రాసుకున్నదే ఆ దేశపు ఆదివాసీ తెగల యువకుల చదువు కోసం అని. ఇంగ్లీషు పిల్లల మాట ఆ తర్వాత వస్తుంది. కానీ జరిగింది తిరగేసి జరిగింది. కాలేజీ తెల్లవాళ్ల పిల్లలతో నిండింది. ఆకమ్ ఆ మోసాన్ని గుర్తుపట్టి వీలాక్‌కి ఘాటుగా ఉత్తరం రాశాడు, తెగతెంపులు చేసుకున్నాడు. తర్వాత రెండు వందల ఏళ్లలో ఆ కాలేజీ నుంచి పట్టా తీసుకున్న ఆదివాసీ విద్యార్థులు 19 మంది. రెండు వందల ఏళ్లకి పంతొమ్మిది మంది!

అంటే 1964లో ఆ పెద్ద మిషన్ తలుపులు తెరిచారు, విద్యార్థి ఎవరైనా రావచ్చన్నారు. నిజమే. కానీ ఆ "ఎవరైనా"లో ఎవరి పేరు మీద కాలేజీ కట్టారో వాళ్లు దాదాపు లేరు. కంప్యూటర్ గది తలుపు తెరిచి ఉండి, కాలేజీ గేటు మూసి ఉంటే ఏం లాభం?

కథ అక్కడితో అయిపోలేదు. టైమ్ షేరింగ్ తెచ్చిన జాన్ కెమెనీయే 1970లో ఆ కాలేజీకి ప్రెసిడెంట్ అయ్యాడు. ఆయన కూడా హంగరీ నుంచి చిన్నప్పుడు కుటుంబంతో పారిపోయి వచ్చిన యూదుడు. పదవిలోకి వస్తూనే, కాలేజీ పుట్టినప్పుడు ఆదివాసీలకి ఇచ్చిన మాటను ఇప్పుడు నిలబెట్టుకుంటాం అని ప్రకటించాడు. ఆదివాసీ విద్యార్థులను చేర్చుకోవడం మొదలైంది, 1972లో వాళ్ల చరిత్ర, సంస్కృతి చదివే ప్రత్యేక విభాగం వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఆ కాలేజీ ఆకమ్ చేతిరాత కాగితాలను మొహీగన్ తెగకే తిరిగి ఇచ్చేసింది.

నేను దీన్నుంచి తీసుకున్న పాఠం ఒకటి. మిషన్ అందరిదీ అన్నంత మాత్రాన అందరికీ అందదు. చేతిలో పరికరం, మధ్యలో తీగ, లోపలికి రానిచ్చే గేటు, మూడూ ఉండాలి. ఒక్కటి లేకపోయినా మిగతా రెండూ దండగే. ఇక్కడినుంచి చెప్పే ప్రతి సంగతిలోనూ ఈ మూడింటినీ వెతకండి.

మిషన్ ఇంటికొచ్చింది, మళ్లీ వెనక్కి పోయింది

1970ల చివర్లో బొమ్మ తిరగబడింది. చిప్పులు చవకయ్యాయి. 1977లో యాపిల్-2, 1981లో ఐబీఎం పీసీ వచ్చాయి. మిషన్ ఇంట్లో బల్ల మీదకి వచ్చేసింది. దూరంగా ఉన్న మిషన్‌తో, తీగతో పని లేదు. నీది నీదే. కాకపోతే కొనగలిగితేనే.

1990ల్లో మళ్లీ పాత ఆలోచన లేచింది. ఒరాకిల్ కంపెనీ అధిపతి లారీ ఎలిసన్ 1995, 96 ప్రాంతంలో "నెట్‌వర్క్ కంప్యూటర్" అని ప్రచారం చేశాడు. హార్డ్ డిస్క్ ఉండదు, అంతా నెట్‌వర్క్ మీదే, ధర 500 డాలర్లు అన్నాడు. అది నిలబడలేదు. ఇళ్లకి వచ్చే ఇంటర్నెట్ అప్పటికి టెలిఫోన్ లైన్ మీద నత్తనడక నడిచేది. ఈలోపు మామూలు పీసీల ధరలే తగ్గిపోయాయి. తీగ బలంగా లేని చోట కిటికీ మాత్రమే అమ్మితే ఎవరు కొంటారు? మన ఊళ్లలో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కేవాళ్లకి ఈ ముక్క వేరే వివరించక్కర్లేదు.

మన దేశం చేసిన ప్రయత్నాలు

ఇవి అందరూ మర్చిపోయారు గానీ మనం గుర్తు పెట్టుకోవాల్సినవి.

మొదటిది సింప్యూటర్. బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ప్రొఫెసర్లు కొందరు, ఎన్‌కోర్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కలిసి తయారు చేశారు. 2001లో ప్రపంచమంతా దాని గురించి రాసింది. అరచేతిలో పట్టే పరికరం. తెర మీద తాకితే పని చేస్తుంది, రాసింది చదివి వినిపిస్తుంది, చదువురాని వాళ్లు కూడా వాడాలని ఉద్దేశం. అన్నిటికంటే నాకు నచ్చింది దాని స్మార్ట్ కార్డ్ ఆలోచన. ఊరికంతా ఒక్క పరికరం ఉంటుంది. ఎవరి కార్డు వాళ్ల దగ్గర ఉంటుంది. కార్డు పెడితే నీ వివరాలు తెరుచుకుంటాయి, తీసేస్తే నీ వివరాలు నీతోనే వచ్చేస్తాయి. వస్తువు అందరిదీ, సమాచారం ఎవరిది వాళ్లదే. 2004లో అమ్మకానికి వచ్చింది, ధర పది వేల దగ్గర మొదలైంది. కొన్ని వేలకు మించి అమ్ముడుపోలేదు. అదే సమయంలో మొబైల్ ఫోన్లు చవకై ఊళ్లను ముంచెత్తాయి.

రెండోది వంద డాలర్ల ల్యాప్‌టాప్. ఇది అమెరికా ఎంఐటీ ప్రొఫెసర్ నికొలస్ నెగ్రోపాంటే 2005లో ప్రకటించిన "పిల్లవాడికో ల్యాప్‌టాప్" పథకం. ఆకుపచ్చ రంగు, ఎండలో కూడా కనబడే తెర, తక్కువ కరెంటు. 2007 చివరికి తయారయ్యేసరికి ధర వంద కాదు, రెండు వందల డాలర్లకు దగ్గరైంది. మన కేంద్ర మానవ వనరుల శాఖ 2006లోనే వద్దంది. ముందు బళ్లు, టీచర్లు కావాలి అన్నది వాళ్ల వాదన. అయినా మహారాష్ట్ర రాయగఢ్ జిల్లాలో ఖైరాత్ అనే చిన్న ఊరి బడిలో 2007లో ప్రయోగంగా ఇచ్చి చూశారు. పెరూ దేశం మాత్రం లక్షల్లో కొని మారుమూల బళ్లకి పంచింది. 2012లో ఇంటర్-అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు వాళ్లు అక్కడి 319 పల్లె బళ్లను పరిశీలించి, లెక్కల్లో, భాషలో మార్కులు పెరిగినట్టు ఏమీ కనబడలేదని తేల్చారు. ఆ బళ్లలో ఎక్కువ వాటికి ఇంటర్నెట్ లేదు, టీచర్లకి ట్రైనింగూ సరిగా లేదు. పరికరం ఇచ్చారు, తీగ ఇవ్వలేదు.

మూడోది ఆకాశ్ టాబ్లెట్. దీనికి మన హైదరాబాద్‌తో సంబంధం ఉంది. 2011 అక్టోబర్ 5న అప్పటి కేంద్రమంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో విడుదల చేశారు. డేటావిండ్ అనే కంపెనీ సరఫరా, బిగింపు పని హైదరాబాద్‌లో. ప్రపంచంలోనే చవకైన టాబ్లెట్, 35 డాలర్లు అని ప్రచారం. లోపల చూస్తే 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, గట్టిగా నొక్కితే గానీ కదలని తెర. విద్యార్థులు ఆశగా పట్టుకున్నారు, నెమ్మదితనం చూసి నీరుగారిపోయారు. 2012 నవంబర్‌లో మెరుగైన ఆకాశ్-2 వచ్చింది గానీ, లక్షల మంది చేతికి చేరుతుందన్న మాట మాటగానే మిగిలింది.

ఈ మూడింట్లో ఏ ఒక్కటీ చెడ్డ ఉద్దేశంతో పుట్టలేదు. కానీ మూడింటి గురించీ పేపర్లలో ముందుగా రాసింది ధర గురించే. ధర తగ్గించడానికి ఏం తీసేశారు అన్నది వాడిన తర్వాత తెలిసింది. మనం షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: "ధర తక్కువ సరే, ఏం తీసేసి తగ్గించారు?"

క్రోమ్‌బుక్ వచ్చింది

2007లో ఆసుస్ కంపెనీ ఈ-పీసీ అని ఏడంగుళాల చిన్న ల్యాప్‌టాప్ తెచ్చింది. 4 జీబీ స్టోరేజీ, 512 ఎంబీ ర్యామ్, లినక్స్. చిన్నదైనా బాగా అమ్ముడైంది. జనం ల్యాప్‌టాప్‌లో ఎక్కువగా చేసేది బ్రౌజర్ తెరిచి నెట్ చూడటమే అని కంపెనీలకి అర్థమైంది. మరి బ్రౌజర్ ఒక్కటే ఉన్న ల్యాప్‌టాప్ చేస్తే?

2009 జులైలో గూగుల్ క్రోమ్ ఓఎస్ ప్రకటించింది. ఆ పని నడిపించింది తమిళనాడులో పుట్టి పెరిగిన సుందర్ పిచాయ్. 2011 జూన్ 15న శామ్‌సంగ్, ఏసర్ కంపెనీల మొదటి క్రోమ్‌బుక్‌లు అమ్మకానికి వచ్చాయి. మొదట్లో చాలామంది నవ్వారు, నెట్ లేకపోతే ఇది ఇటుకరాయి అన్నారు. ఆ మాట అప్పట్లో చాలావరకు నిజమే. తర్వాత మెల్లగా నెట్ లేకుండా డాక్యుమెంట్లు రాసుకునే వీలు, 2016లో ఆండ్రాయిడ్ యాప్‌లు, 2018లో లినక్స్ ప్రోగ్రాములు కూడా వచ్చాయి. వైరస్ బెడద తక్కువ, ఆన్ చేస్తే కొద్ది సెకన్లలో తెరుచుకుంటుంది, బ్యాటరీ చాలాసేపు వస్తుంది. రూములో పది మందికి ఒకటే ప్లగ్ పాయింట్ ఉండే హాస్టల్లో ఈ చివరి మాట విలువ ఎంతో మీకు తెలుసు. అమెరికాలో బళ్లు వీటిని పెద్దఎత్తున కొన్నాయి. పోయినా, పగిలినా ఇంకో దాంట్లో లాగిన్ అయితే రాసుకున్నదంతా అక్కడే ఉంటుంది. సింప్యూటర్ స్మార్ట్ కార్డ్ గుర్తొచ్చిందా? తేడా ఏంటంటే అక్కడ నీ కార్డు నీ జేబులో ఉంటుంది, ఇక్కడ నీ సమాచారం కంపెనీ గోడౌన్లో ఉంటుంది.

మన దేశంలోకి 2013 అక్టోబర్‌లో హెచ్‌పీ, ఏసర్ క్రోమ్‌బుక్‌లు వచ్చాయి. ధరలు ఇరవై వేలు దాటే ఉన్నాయి. 2015లో జోలో, నెక్సియన్ పేర్లతో 12,999 రూపాయలవి వచ్చాయి. పెద్దగా పాతుకోలేదు. 2023లో రెండు సంగతులు జరిగాయి. జులైలో రిలయన్స్ 16,499 రూపాయలకి జియోబుక్ తెచ్చింది, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, లోపలే సిమ్. అక్టోబర్‌లో హెచ్‌పీ, గూగుల్ కలిసి చెన్నై దగ్గర ఫ్యాక్టరీలో క్రోమ్‌బుక్‌ల తయారీ మొదలుపెట్టాయి.

మెలిక ఎక్కడుంది?

మెలిక ఒకటి: గడువు తేదీ. క్రోమ్‌బుక్‌కి అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయో ముందే రాసిపెట్టి ఉంటుంది. ఆ తేదీ దాటితే ల్యాప్‌టాప్ బాగానే ఉన్నా సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతాయి, మెల్లగా కొన్ని సైట్లు, యాప్‌లు సతాయిస్తాయి. మొదట్లో ఈ గడువు చాలా తక్కువ. బాగున్న మిషన్లను బళ్లు పారేయాల్సి వస్తోందని అమెరికాలో వినియోగదారుల సంఘాలు గొడవ చేశాయి. 2023 సెప్టెంబర్‌లో గూగుల్ ఆ గడువును పదేళ్లకు పెంచింది. అడిగితేనే పెరిగింది, ఇది గుర్తుంచుకోండి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ లెక్క నువ్వు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ తయారైన కాలం నుంచి మొదలవుతుంది. పాత మోడల్ డిస్కౌంట్లో కొంటే నీకు మిగిలేది రెండేళ్లే కావచ్చు.

మెలిక రెండు: జాగా. క్లౌడ్లో ఫ్రీ అన్నది ఎప్పటికీ ఫ్రీగా ఉంటుందని రాసివ్వలేదు. గూగుల్ ఫోటోస్‌లో అంతులేని ఫ్రీ జాగా 2021 జూన్ 1తో ఆగింది. కాలేజీలకి ఇచ్చే అంతులేని స్టోరేజీకి కూడా ఆ తర్వాత పరిమితి పెట్టారు. ఇప్పుడు మామూలు అకౌంటుకి జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ అన్నీ కలిపి 15 జీబీ.

మెలిక మూడు: తీగ. 2020 మార్చిలో కాలేజీలు మూసేశాక చదువంతా తీగ మీదకి వెళ్లింది. అంతకుముందు 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం గ్రామాల్లో కంప్యూటర్ ఉన్న ఇళ్లు నూటికి 4.4, పట్టణాల్లో 23.4. ఇంటర్నెట్ సదుపాయం ఉన్న ఇళ్లు గ్రామాల్లో 14.9, పట్టణాల్లో 42. ఇది మొత్తం దేశం లెక్క. మన కొండల్లో ఎలా ఉండేదో మీరే అనుభవించారు. 2022 జులైలో కేంద్రం 4జీ లేని 24,680 ఊళ్లకి సిగ్నల్ ఇవ్వడానికి 26,316 కోట్లు ఆమోదించింది. టవర్లు వస్తున్నాయి, నిజమే. కానీ కరెంటు పోతే టవర్ కూడా పోయే ఊళ్లు ఇంకా ఉన్నాయి.

ఇంకో మాట. 2025 అక్టోబర్ 14న గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో పెద్ద డేటా సెంటర్ పెడతామని ప్రకటించింది. అంటే ఆ మబ్బు గోడౌన్ మన ఘాట్ రోడ్డు దిగితే వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో వస్తుందన్నమాట. పెద్ద మిషన్ మన పక్కకే వచ్చింది. తీగ, గేటు మన వరకు వస్తాయా అన్నది 1769 నాటి ప్రశ్నే.

మరి ఏది కొనాలి?

చరిత్ర చెప్పిన దాన్ని కొనుగోలుకి పెడితే నాకు తేలింది ఇది:

1. ముందు కోర్సు చూసుకోండి. బి.ఏ., టీచర్ ట్రైనింగ్, పోటీ పరీక్షల తయారీ అయితే రాసుకోవడం, చదువుకోవడం, వీడియో క్లాసులే ఎక్కువ. క్లౌడ్ ల్యాప్‌టాప్ సరిపోతుంది. బి.కాం.లో ట్యాలీ, ఇంజనీరింగ్‌లో ఆటోక్యాడ్ లాంటివి కావాలంటే అవి విండోస్ మీద నడిచేవి. అప్పుడు క్రోమ్‌బుక్ తీసుకుంటే మళ్లీ కొనాల్సి వస్తుంది. సీనియర్లని అడిగి సాఫ్ట్‌వేర్ లిస్టు రాసుకున్నాకే షాపుకి వెళ్లండి.

2. క్రోమ్‌బుక్ అయితే మోడల్ పేరు రాసుకుని, దాని అప్‌డేట్ గడువు గూగుల్ పేజీలో చూసుకోండి. మీ కోర్సు అయిపోయాక కనీసం రెండేళ్లు మిగలాలి. షాపువాడు "అవన్నీ ఏం పర్లేదు బాబూ" అంటే అక్కడే ఆగిపోండి.

3. ర్యామ్ 4 జీబీ కన్నా తక్కువ వద్దు, 8 దొరికితే మంచిది. చాలా చవక ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచుకోలేరు.

4. నెట్ లేకుండా పని చేసేలా ముందే అమర్చుకోండి. డాక్స్, డ్రైవ్‌లో ఆఫ్‌లైన్ ఆప్షన్ ఉంటుంది. దాన్ని నెట్ ఉన్నప్పుడే ఆన్ చేయాలి. సెలవులకి ఊరెళ్లే ముందు రోజు హాస్టల్లో ఈ పని చేసుకోండి, ఊళ్లో కూర్చుని రాసుకోవచ్చు.

5. కాలేజీ ఇచ్చే మెయిల్‌లో మాత్రమే అన్నీ దాయకండి. కోర్సు అయిపోయాక ఆ అకౌంట్ మూసేయొచ్చు. ముఖ్యమైనవి, ముఖ్యంగా కుల ధ్రువీకరణ, మార్కుల మెమోలు, ప్రాజెక్టు రిపోర్టులు సొంత అకౌంట్లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి ఉంచండి. పెన్‌డ్రైవ్ ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేయండి.

6. సెకండ్‌హ్యాండ్‌ని చిన్నచూపు చూడొద్దు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. విండోస్ 11 ఎక్కని గట్టి ఆఫీసు ల్యాప్‌టాప్‌లు చాలా అమ్మకానికి వస్తున్నాయి. వాటిలో లినక్స్ గానీ, గూగుల్ ఉచితంగా ఇచ్చే క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ గానీ వేసుకోవచ్చు. ఫ్లెక్స్‌లో ప్లే స్టోర్ యాప్‌లు ఉండవు, అది గుర్తుంచుకోండి. కొనేముందు బ్యాటరీ, కీబోర్డు, కెమెరా, ఛార్జింగ్ పిన్ అక్కడే అరగంట వాడి చూడాలి. బిల్లు తప్పనిసరి.

7. సర్వీస్ సెంటర్ ఎక్కడుందో అడగండి. రిపేరుకి వైజాగ్ రెండుసార్లు వెళ్లొస్తే బస్సు ఛార్జీలు, పోయిన క్లాసులు కలిపి తగ్గిన ధర అక్కడే ఖర్చయిపోతుంది.

నా వరకు నేను ఇంకా కొనలేదు. ఈ ఏడు కాఫీ డబ్బులు చెల్లి ఇంటర్ ఫీజుకి వెళ్లాయి. కాలేజీ లైబ్రరీలో ఉన్న కంప్యూటర్ మీద, ఫోన్ మీద నెట్టుకొస్తున్నాను. కొనే రోజు వచ్చినప్పుడు ఇదే లిస్టు పట్టుకుని వెళ్తాను.

ఒక్కొక్కరం కొనుక్కోవడం దగ్గరే ఆగిపోతే ఈ చరిత్ర అంతా చదివిన లాభం లేదు. 1964లో ఆ లెక్కల మాస్టార్లు ప్రతి పిల్లవాడికీ ఒక కంప్యూటర్ కొనివ్వలేదు. ఒక్క మిషన్ తెచ్చి, తాళం తీసి, ఇది మీది అన్నారు. మన హాస్టళ్లలో కూడా ఒక గది, నాలుగు కంప్యూటర్లు, మంచి వైఫై, రాత్రి పది వరకు తెరిచి ఉంచే తాళం చెవి ఉంటే, ఇరవై వేలు పెట్టలేని తమ్ముడు కూడా చదువుకోగలడు. చిన్న చెల్లెళ్ల హాస్టళ్లలో ఇది ఇంకా ముందు రావాలి. ఎందుకంటే సిగ్నల్ కోసం, నెట్ సెంటర్ కోసం సాయంత్రం బయటికి వెళ్లే వీలు వాళ్లకి లేదు.

అందుకే ఒక ప్రతిపాదన. ఈ నెల హాస్టల్ మీటింగుల్లో భోజనం, దుప్పట్లతో పాటు కంప్యూటర్ గది కూడా అర్జీలో రాద్దాం. ప్రభుత్వం ఎప్పుడైనా మన కోసం ల్యాప్‌టాప్‌లో, టాబ్లెట్లో కొంటే మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడుగుదాం. అప్‌డేట్లు ఏ తేదీ వరకు వస్తాయి? నెట్ లేనప్పుడు ఏం పని చేస్తుంది? పాడైతే ఎక్కడ, ఎన్ని రోజుల్లో బాగు చేస్తారు? అర్జీ నమూనా నేను రాసి పెడతాను. మీ హాస్టల్ పేరు వేసుకుని, అందరి సంతకాలతో ఇవ్వండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

సామ్సన్ ఆకమ్ ఉత్తరం రెండు వందల యాభై ఏళ్ల తర్వాత కూడా సాక్ష్యంగా నిలబడింది అంటే కారణం ఒక్కటే, ఆయన అడగాల్సింది రాసి అడిగాడు. మనం కూడా రాసి అడుగుదాం.

ఏదైనా వివరం కావాలంటే కింద అడగండి. ల్యాప్‌టాప్‌ల గురించి ఎక్కువ తెలిసిన అన్నలు, అక్కలు మీ అనుభవం కూడా కలపండి, కొత్తగా చేరే పిల్లలకి పనికొస్తుంది.

జై ఆదివాసీ.